గుర్రాల బయళ్లలో నేల కర్బనం

ప్రశ్న: మా గుర్రాల పెంపక క్షేత్రంలో తల్లిగుర్రాలనూ పిల్లలనూ ఏడాది పొడవునా ఒకే బయలులో మేపుతున్నాం. కొన్నిచోట్ల గడ్డి అరిగి మట్టి బయటపడింది. మరికొన్నిచోట్ల మోకాలెత్తు పెరిగినా గుర్రాలు ముట్టడం లేదు. మేపే పద్ధతి మార్చితే నేలలో సేంద్రియ కర్బనం పెరుగుతుందా? పెరిగిందని తెలుసుకోవడం ఎలా?

జవాబు: పెరిగే అవకాశం ఉంది. ఇంతగా అరిగిన నేలలోనే పెరగడానికి చోటు ఎక్కువ. మీరు చెప్పిన రెండు లక్షణాలూ గుర్రం మేసే తీరువల్ల వచ్చినవే. ఆవుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు కనుక నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది. గుర్రం మాత్రం పైనా కిందా ఉన్న పళ్లతో మొదలుదాకా కొరికేస్తుంది. పైగా తాను లద్దె వేసేచోట మేయదు. దాంతో మేసేచోటి పోషకాలన్నీ క్రమంగా మేయనిచోటికి చేరిపోతాయి.

పచ్చిక నేలకు కర్బనం ప్రధానంగా వేళ్ల నుంచే అందుతుంది. సగానికి మించి ఆకు పోయిన గడ్డి, వేళ్ల పెరుగుదలను ఆపుకొని ఉన్న నిల్వతో చిగురు వేస్తుంది. ఆ లేత చిగురును గుర్రం వెతికి మరీ కొరుకుతుంది. అసలు నష్టం ఈ రెండో కాటుతోనే. అందుకని బయలును కంచెలతో భాగాలు చేసి, గడ్డి 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరిగాక గుర్రాలను వదిలి, 8 నుంచి 10 సెంటీమీటర్లకు దిగగానే పక్క భాగానికి మళ్లించండి. మళ్లీ ఎప్పుడు వదలాలన్నది గడ్డి ఎత్తే చెప్పాలి: బాగా పెరిగే రోజుల్లో మూడు నాలుగు వారాలు చాలవచ్చు, బెట్టలో అంతకు రెట్టింపు పట్టవచ్చు. నేల చిత్తడిగా ఉన్నప్పుడు గిట్టల కింద మట్టి గట్టిపడుతుంది కాబట్టి, ఆ రోజుల్లో గుర్రాలన్నిటినీ ఒక చిన్న ఆవరణకే పరిమితం చేయండి.

వీలైతే గుర్రాల వెనుక పశువులను మేపండి. గుర్రాలు వదిలేసిన గడ్డిని అవి తింటాయి. గుర్రాల కడుపులోని నులిపురుగుల పిల్లలు చాలావరకు పశువుల్లో బతకలేవు కనుక మీ గుర్రంపిల్లలకూ మేలు. పెద్ద గుర్రాలకు నులిపురుగుల మందును లద్దె పరీక్ష చేయించి, అవసరమైనవాటికే పట్టించండి. ఐవర్‌మెక్టిన్ వంటివి లద్దెతో బయటికి వచ్చి, లద్దెను మట్టిలోకి చేర్చే పేడపురుగులకు హాని చేస్తాయి. సాలల్లోని లద్దెను పచ్చిగా చల్లకుండా, కుప్పవేసి వేడెక్కించి మాగబెట్టాకే అరిగిన చోట్ల వేయండి.

ఇక కొలత. 30 సెంటీమీటర్ల లోతువరకు, ప్రతిసారీ అదే కాలంలో, అవే చోట్ల మట్టి నమూనాలు తీయండి. లద్దె పడే చోట్లనూ మేసే చోట్లనూ కలపకండి. శాతం ఒక్కటే చాలదు, మట్టి సాంద్రత కూడా కావాలి. ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు తూగే నేలలో ఆ లోతున కర్బనం మట్టి బరువులో 0.1 శాతం మేర పెరిగితే హెక్టారుకు 3.9 టన్నులు చేరినట్లు. అంత చిన్న తేడా ఒక్క ఏడాదిలో నమ్మకంగా తేలదు కాబట్టి, ఇప్పుడు ఒకసారి, ఐదేళ్లకు మరోసారి పరీక్ష చేయించండి. ఈలోగా ఆ బయలును దున్నకండి. దున్నితే చేరిన కర్బనం, చేరినదానికన్నా వేగంగా గాలిలో కలుస్తుంది.