“నన్ను మళ్లీ పంపించేస్తారా?”

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. చాలా ఏళ్లు పిల్లలు లేక, 2018లో శిశుగృహ నుంచి రెండేళ్ల పాపను దత్తత తెచ్చుకున్నాం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. దత్తత సంగతి తనకు ఆరేళ్లప్పుడే చెప్పాం. పోయిన క్రిస్మస్‌కు అందరం కలిసినప్పుడు మా బావగారి అబ్బాయి ఆటలో గొడవపడి, “నువ్వు సాకుడు బిడ్డవి, మా వంశం కాదు” అన్నాడు. అత్తమ్మ విని కూడా ఊరుకుంది. అప్పటి నుంచి పాప ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోముతోంది, వాకిలి ఊడుస్తోంది. లెక్కల్లో మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచింది. మొన్న రాత్రి “నన్ను మళ్లీ పంపించేస్తారా?” అని అడిగింది. అత్తమ్మ ఏమో ఇల్లు మనవడి పేరునే రాస్తానంటోంది. దత్తత బిడ్డల గురించి బైబిలు ఏం చెబుతోంది? పాపకు నేనేం చెప్పాలి?
– ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బియ్యం డబ్బా దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే నేనూ సాకుడు బిడ్డనే. నాకు పదకొండు నెలలప్పుడు ముద్దనూరు పక్క పల్లె నుంచి నన్ను తెచ్చుకున్నారు. నాయన ప్రొద్దుటూరులో బడిపంతులు.

ఎనిమిదేళ్లప్పుడు లాంతరు గ్లాసు పగలగొట్టాను. అంతకు నెల ముందే అన్న ఒకటి పగలగొడితే, నాయన బాగా తిట్టి మూడు రోజులు లాంతర్లు తుడిచే పని పెట్టాడు. అన్న తిట్లు తిని, అన్నం తిని, పడుకున్నాడు. నేను మాత్రం జొన్నచొప్ప వామి వెనక దాక్కున్నాను. చీకటి పడింది, చొప్ప గుచ్చుకుంటోంది, అయినా కదల్లేదు. అన్న పగలగొడితే గ్లాసు పోతుంది, నేను పగలగొడితే ఇల్లే పోతుందని నా లెక్క. నాయన వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టుకొని లేపి, అన్నను తిట్టినట్టే తిట్టాడు. “నీకూ మూడు రోజులు” అన్నాడు. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర ఇప్పటికీ గుర్తుంది. “కుమారులుగా” శిక్షించడం గురించి హెబ్రీ 12:7 ఎక్కడ చదివినా నాకు ఆ వామే కళ్లముందు ఉంటుంది.

ఇప్పుడు అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక 8:15 చూడండి. “మరల భయపడుటకు మీరు దాస్యపు ఆత్మను పొందలేదు గాని దత్తపుత్రాత్మను పొందితిరి.” ఇందులో “మరల భయపడుటకు” అన్న మాట మీద వేలు పెట్టండి. పౌలుకు ఆ భయం తెలుసు. ఇంట్లో దాసుడూ ఉంటాడు, కొడుకూ ఉంటాడు. ఇద్దరూ పని చేస్తారు. పని ఆగితే తన చోటు పోతుందని దాసుడు చేస్తాడు. మీ పాప గిన్నెలు తోముతున్నది ఆ భయంతోనే. బుద్ధిమంతురాలైందని దయచేసి మురిసిపోకండి.

పౌలు వాడిన గ్రీకు మాట ‘హుయొథెసియ’, అంటే కొడుకు స్థానంలో నిలబెట్టడం. ఆయన పత్రికల్లో అది ఐదుసార్లు వస్తుంది: రోమా పత్రికలో మూడుసార్లు, గలతీ 4:5లో, ఎఫెసీ 1:5లో ఒక్కోసారి. మోషే ధర్మశాస్త్రంలో దత్తతకు విధి అంటూ లేదు. పౌలు ఈ మాటను తన పాఠకుల చుట్టూ ఉన్న రోమా లోకం నుంచి తీసుకున్నాడని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. రోమా చట్టంలో దత్తు వెళ్లినవాడు పాత ఇంటి అధికారం నుంచి బయటికొచ్చి కొత్త తండ్రికి పూర్తి వారసుడు అవుతాడు. జూలియస్ సీజర్ వీలునామాలో దత్తు తీసుకున్న ఆక్టేవియనే తర్వాత అగస్టస్ చక్రవర్తి. క్లౌదియ చక్రవర్తికి కన్నకొడుకు ఉన్నాడు. అయినా క్రీ.శ. 50లో నీరోను దత్తు తీసుకున్నాడు, 54లో సింహాసనం ఎక్కింది నీరో. పౌలు రోమా సంఘానికి రాసింది సుమారు 57లో. నీరో ఎటువంటివాడో మనకు తెలుసు, ఆ సంగతి వేరు. కానీ ఆ పత్రిక విన్న రోమా విశ్వాసులకు దత్తపుత్రుడంటే రెండో రకం కొడుకని తోచే అవకాశమే లేదు. వాళ్లను ఏలుతున్నదే ఒక దత్తపుత్రుడు.

‘పుత్రుడు’ అన్నారు, ఆడపిల్ల మాటేమిటి అంటారేమో. గలతీ పత్రికలో దత్తత మాటకు కొంచెం ముందే, 3:28లో, క్రీస్తులో పురుషుడని స్త్రీ అని లేదని పౌలు రాసి ఉంచాడు. వారసుడి స్థానం అంతా ఆడవాళ్లకూ ఇచ్చేశాడు.

ఆస్తి మాటకు వస్తే, మీ అత్తమ్మగారికి ఆదికాండము 48:5 చదివి వినిపించండి. యాకోబు తన మనవళ్లు ఎఫ్రాయిము, మనష్షేలను, తన కన్నకొడుకులు రూబేను, షిమ్యోనుల వలె నా బిడ్డలే అంటాడు. అది ముసలాయన ముద్దు మాటగా మిగల్లేదు. యెహోషువ గ్రంథం 16, 17 అధ్యాయాల్లో ఆ ఇద్దరి పేరునా పొలిమేరలతో సహా భూమి పంచారు.

మన చట్టం కూడా చెబుతాను. నన్ను తెచ్చుకున్న రోజుల్లో క్రైస్తవులు దత్తత తీసుకోవడానికి చట్టమే లేదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే. మనవాళ్లు 1890 నాటి చట్టం కింద సంరక్షకులు కాగలిగేవారు, అంతే. 2000 నాటి బాలల న్యాయ చట్టం, దానికి 2006లో వచ్చిన సవరణతో ఏ మతంవారైనా దత్తత తీసుకునే దారి ఏర్పడింది. ఇప్పుడున్నది 2015 చట్టం. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ మీకు పుట్టిన బిడ్డే, వారసత్వంతో సహా. మీది 2018 కాబట్టి కోర్టు ఉత్తర్వు ఉంటుంది (2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు ఇస్తున్నారు). మీ దంపతుల ఆస్తికి మీ పాప వారసురాలు, ఎవరూ కాదనలేరు. అత్తమ్మ సొంత సంపాదన ఇల్లయితే వీలునామా ఎవరికి రాయాలన్నది ఆమె ఇష్టం. దాని కోసం పాప ముందు గొడవ పెట్టుకోవద్దు. ఉత్తర్వు కాపీ మాత్రం జాగ్రత్తగా దాచండి.

నా విషయంలో కాయితం ఒక్కటే. ఇంటి బైబిలు మొదటి పేజీ. అందులో నాయన చేతిరాతలో మూడు పేర్లు వరసగా ఉన్నాయి: అన్న, నేను, తమ్ముడు. వాళ్లిద్దరికీ ఒక్కో తేదీ. నాకు రెండు, పుట్టిన రోజు, ఇంటికొచ్చిన రోజు. చిన్నప్పుడు నాకే ఒకటి ఎక్కువ ఉందని గర్వంగా చూపించేదాన్ని.

ఇక పాపకు ఏం చెప్పాలి? “పంపించం” అని నేరుగా, అడిగిన ప్రతిసారీ చెప్పండి. వంద సార్లు అడిగితే వంద సార్లు. “నిన్ను మేం కాపాడాం” అని మాత్రం ఎప్పుడూ అనొద్దు, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా. ఆ మాట విన్న బిడ్డ బతుకంతా అప్పు తీరుస్తూనే ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డు దాచినందుకు మామూలు బిడ్డను మందలించినట్టే మందలించండి. జాలిపడి వదిలేస్తే తను వేరే అని ఆమెకు ఇంకా గట్టిగా తెలుస్తుంది. కన్నతల్లి గురించి అడిగితే నొచ్చుకోకండి. మోషే ఫరో కూతురికి కొడుకయ్యాడు, అయినా తన జనాన్ని మరిచిపోలేదు. ఎస్తేరు రాజు అంతఃపురం చేరాక కూడా, సాకిన మొర్దెకై ఆమె క్షేమం తెలుసుకోవాలని రోజూ ఆవరణం ఎదుట తిరుగుతూ ఉండేవాడు (ఎస్తేరు 2:11). ఆ తిరగడం చూడండి చెల్లెమ్మా, పెంచినవాళ్ల ప్రాణం ఎట్లా కొట్టుకుంటుందో అందులో ఉంది.

బావగారి అబ్బాయి పిల్లవాడు. వాడికి ఆ మాట పెద్దవాళ్ల నోటి నుంచే వచ్చి ఉంటుంది. మీ ఆయన వెళ్లి వాళ్ల అన్నతో మాట్లాడాలి, మీరు కాదు.

ప్రశ్న: ‘అబ్బా’ అంటే చంటిపిల్లలు పిలిచే ‘డాడీ’ అని ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: పూర్తిగా కాదు బాబూ. అది అరామిక్ మాట, అర్థం తండ్రి. చంటిబిడ్డే కాదు, పెరిగిన కొడుకు కూడా అదే పిలుపు పిలిచేవాడు. మన సీమలో “వాళ్లబ్బ” అంటాం కదా, తండ్రిని పట్టుకొనే. అరామిక్‌కూ మనకూ చుట్టరికం లేదు, కానీ చెవికి దగ్గరగా ఉంటుంది. కొత్త నిబంధనలో ఆ మాట మూడు చోట్లే ఉంది: మార్కు 14:36, రోమా 8:15, గలతీ 4:6. మొదటిది గెత్సేమనేలో యేసు నోటిది. మిగతా రెండూ దత్తత గురించి చెప్పే చోట, మన నోటివి.

జమ్మలమడుగు చెల్లెమ్మా, ఈ మూడు వచనాలూ పాపతో గట్టిగా చదివించండి. మార్కుతో మొదలుపెట్టండి. మీ ఇంటి బైబిలు మొదటి పేజీ ఖాళీగా ఉంటే, పెన్ను మీ ఆయన చేతికివ్వండి.