కౌంటర్ మీది సిస్టమ్‌కు అప్‌డేట్ ఎప్పుడు?

ప్రశ్న: హన్మకొండలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. మూడు సిస్టమ్‌లు, అన్నీ విండోస్ 11. అప్లికేషన్ల ఆఖరి తేదీ రోజు, జనం లైన్లో ఉండగా కౌంటర్ సిస్టమ్ అప్‌డేట్‌కని రీస్టార్ట్ అయి అరగంట తినేసింది. అప్‌డేట్లు మొత్తానికే ఆపేయమంటున్నారు. ఆపేయొచ్చా?

జవాబు: వద్దండీ. మీ సిస్టమ్‌లలో పొద్దస్తమానం ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెడతారు, జనం ఆధార్ స్కాన్లుంటాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ విరుచుకుపడి ఫైళ్లకు తాళాలు వేసింది. దాని విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

అట్లని వచ్చిన రోజే వేయడమూ కౌంటర్‌కు మంచిది కాదు. 2021 మార్చి 9 నాటి అప్‌డేట్ వేసుకున్నాక, కొన్ని కంపెనీల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే బ్లూ స్క్రీన్ వచ్చి సిస్టమ్ ఆగిపోయేది. సవరణ వారం తిరగకుండానే వచ్చింది. ఆ వారం ఆగితే చాలు.

నెలవారీ అప్‌డేట్ అమెరికా లెక్కన రెండో మంగళవారం విడుదలవుతుంది, మనకు ఆ రాత్రి. ఆ రోజు పొద్దున్నే రెండు కౌంటర్ సిస్టమ్‌లలో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి రెండు వారాలకు పాజ్ పెట్టండి. తక్కువ పని ఉండే మూడోదానికి ముందు వేయండి. వేశాక ప్రింట్, స్కాన్, షేరింగ్ ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం అన్నీ ఒక్కోసారి వాడి చూడండి. వేలిముద్ర యంత్రం పలకకపోతే ముందు ఆర్‌డీ సర్వీస్ (ఆ యంత్రాన్ని ఆధార్‌కు కలిపే ప్రోగ్రామ్) నడుస్తోందో లేదో చూడండి, ఆగిపోయి ఉంటే మళ్లీ స్టార్ట్ చేయండి. ఇబ్బంది లేకపోతే ఆ మంగళవారం నుంచి పన్నెండు రోజులకు, అంటే ఆదివారం, షాపు కట్టేశాక మిగతా రెండింటిలో రెజ్యూమ్ నొక్కండి. తేడా వస్తే అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా పెడితే ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. ‘ప్రివ్యూ’ అని ఉన్న అప్‌డేట్ల (ముందస్తుగా ఇచ్చేవి) జోలికి పోకండి. శాతాలు తిరిగే దశలో కరెంటు పోతే సిస్టమ్ బూట్ కాకపోవచ్చు; యూపీఎస్ బ్యాటరీ నీరసపడి ఉంటే గాలిదుమారం వచ్చే సాయంత్రాలు మొదలుపెట్టకండి. బ్రౌజర్‌కు మాత్రం వాయిదా వద్దు, రోజూ షాపు తెరిచేటప్పుడు మూసి తెరవండి. ఫలానా లోపాన్ని దొంగలు ఇప్పటికే వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ ప్రకటిస్తే, పాజ్ తీసేసి ఆ రాత్రే వేయండి.

ప్రశ్న: ఫోన్‌కు కొత్త ఆండ్రాయిడ్ వచ్చిందని చూపిస్తోంది. వేసుకోవాలా? (జగిత్యాల)

జవాబు: సెక్యూరిటీ ప్యాచ్ (భద్రత లోపాలు సరిచేసే చిన్న అప్‌డేట్) అయితే ఆ రాత్రే. పూర్తి కొత్త వెర్షన్ అయితే రెండు మూడు వారాలు ఆగండి. నచ్చకపోతే వెనక్కి పోవడం మామూలుగా కుదరదు, కుదిరినా ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ చేసి, చార్జింగ్ సగానికి పైన ఉన్నప్పుడే మొదలుపెట్టండి.