మాస్టారిని అడగండి: మూడు రోజులు ఆగమన్న పెద్దమనిషి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా మనవరాలు ఎనిమిదో తరగతి. జార్జి వాషింగ్టన్ గొంతునొప్పితో పోయాడనీ, డాక్టర్లే రక్తం తీసి తీసి చంపారనీ ఫోన్లో చూసి చెప్తా ఉంది. అంత పెద్దాయన గొంతునొప్పికి పోవడమేంది? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ మనవరాలు చెప్పింది ముప్పాతిక వంతు నిజమేనమ్మా. మిగతా పాతిక వంతుకి కాస్త చోటు కావాలి, సంపాదకులు ఓర్చుకోవాలి.

1799 డిసెంబరు 12. ఆయనకి 67 ఏళ్లు. అమెరికా మొదటి అధ్యక్షుడిగా చేసి దిగిపోయి, వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్ అనే సొంత ఎస్టేట్‌లో సేద్యం చూసుకుంటున్నాడు. ఆ రోజు గుర్రమెక్కి పొలాల మీదికి పోయాడు. మంచు, వడగళ్లు, ఆపైన వాన. ఐదు గంటలు అందులోనే తిరిగాడు. తిరిగొచ్చేసరికి భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. తనకోసం ఇంకెవరినీ కాచుకోబెట్టడం ఇష్టంలేక, జుట్టులో మంచు వేలాడుతుండగానే కూర్చుండిపోయాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా నాయన గుర్తొస్తాడు. కోవూరు దగ్గర మాకు నాలుగెకరాలుండేది. డిసెంబరులో వాయుగుండం పట్టిందంటే గెనాలు తెగిపోతాయని గోనెసంచి నెత్తిన కప్పుకుని పరిగెత్తేవాడు. వచ్చి పీట మీద కూర్చోబోతే మా అవ్వ “తడిగుడ్డల్తో కూడు తింటే జొరం రాక ఏమొస్తాదిరా” అని పళ్లెం వెనక్కి లాక్కునేది. వాషింగ్టన్‌కి అట్లా లాక్కునే మనిషి లేకపోయె. తడిసినందుకే పోయాడంటే ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరులెండి. శ్వాసనాళం మీద మూతలాగా ఒక రేకు ఉంటుంది, ఎపిగ్లాటిస్ అంటారు. అది వాచి గాలిదారి మూసుకుపోయిందని ఎక్కువమంది అభిప్రాయం.

మర్నాడు గొంతు పట్టేసినా, కొట్టేయాల్సిన చెట్లకి గుర్తులు పెట్టడానికి మంచులోకే పోయాడు. మందేసుకోమంటే, వచ్చిన జలుబు వచ్చినట్టే పోతుందన్నాడు. తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య ఊపిరాడక భార్య మార్తాని లేపాడు. ఆమె మనుషుల్ని పిలవడానికి లేవబోతే వద్దన్నాడు, చలిలో లేస్తే ఆమెకి పడిశం పడుతుందని! పనిమనిషి పొయ్యి రాజెయ్యడానికి వచ్చిందాకా అట్లాగే పడుకున్నారు.

బెల్లంపాకంలాంటి మొలాసెస్, వెనిగర్, వెన్న కలిపి తాగించబోతే దిగలేదు. ఒంట్లో రక్తం కొంత తీసేస్తే రోగం తగ్గుతుందని ఆ రోజుల్లో నమ్మకం. అప్పుడు ఎస్టేట్ మేస్త్రీ రాలిన్స్‌ని పిలిపించి నరం కోయమన్నాడు. రాలిన్స్ చేతులు వణుకుతుంటే “భయపడకు” అని ధైర్యం చెప్పింది రోగే. గాటు ఇంకా పెద్దది కావాలన్నదీ ఆయనే. ఎక్కువ తీయొద్దని మార్తా బతిమాలితే, ఇంకా తియ్యమన్నాడు. కాబట్టి డాక్టర్లే చంపారంటే సగం అన్యాయం. రక్తం తీయడం మీద ఆయనకీ వాళ్లంత నమ్మకమే.

తర్వాత ముగ్గురు డాక్టర్లు వచ్చారు. సాయంత్రంలోపు మొత్తం నాలుగుసార్లు తీశారు, లెక్కేస్తే రెండుంబావు లీటర్ల పైమాటే. మన రక్తదాన శిబిరాల్లో తీసేది 350 మిల్లీలీటర్లు, దానికే బిస్కెట్లు, పళ్లరసం ఇచ్చి కాసేపు కూర్చోబెడతారు. ముగ్గురిలో చిన్నవాడు డిక్, 37 ఏళ్లవాడు. ఇక రక్తం తీయొద్దు, గొంతు కింద చిన్న రంధ్రం చేసి గాలి పోనిద్దాం అన్నాడు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత వాళ్లలో బ్రౌన్ అనే ఆయన, డిక్ చెప్పిందే వినుంటే బాగుండేదేమోనని రెండో ఆయనకి ఉత్తరం రాసుకున్నాడు.

వాషింగ్టన్ కార్యదర్శి టోబియాస్ లియర్ మంచం పక్కనే ఉండి ఇదంతా రాసిపెట్టాడు. అందులో నాకు మనసులో నిలిచిపోయింది డాక్టర్లు కాదు, క్రిస్టోఫర్. వాషింగ్టన్ సొంత పనులు చూసే బానిస కుర్రాడు. ఆ రోజంతా మంచం దగ్గర నిలబడే ఉన్నాడు. మధ్యాహ్నం వాషింగ్టన్ అది గమనించి, కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆ కొన్ని నెలల ముందే ఈ కుర్రాడు పారిపోవడానికి ప్లాను వేసుకుని దొరికిపోయాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. వాషింగ్టన్ వీలునామాలో తన బానిసలు 123 మందికి స్వేచ్ఛ రాశాడు, క్రిస్టోఫర్ మాత్రం అందులో లేడు. అతను మార్తా మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాడు, చట్టప్రకారం విడిపించే హక్కు వాషింగ్టన్‌కి లేదు. మా క్లాసులో ముప్పై ఏళ్లు వాషింగ్టన్ పాఠం చెప్పాను, ఒక్కసారి కూడా ఈ పేరు పలకలేదు. అది నా తప్పే.

రాత్రి పదింటి తర్వాత, చనిపోయాక మూడు రోజులు తిరక్కుండా తనని సమాధిలో పెట్టొద్దన్నాడు. బతికుండగానే పూడ్చేస్తారన్న భయం ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. పొద్దుగూకేలోపు తీసెయ్యాలని తొందరపడే మనకి ఇది వింతగా ఉంటుంది. అర్థమయిందా అని లియర్‌ని అడిగాడు. అయిందన్నాడు. “మంచిది” అన్నాడు. ఆఖరి మాట అదే. కాసేపటికి తన నాడి తనే పట్టుకుని చూసుకున్నాడు, చెయ్యి జారిపోయింది. 14వ తేదీ రాత్రి పది దాటింది అప్పటికి. అంత్యక్రియలు 18న జరిగాయి.

ప్రశ్న: మన ఒంగోలు జిల్లా 1970లో పుట్టి రెండేళ్లకి ప్రకాశం జిల్లా అయింది. పొట్టి శ్రీరాములు గారి పేరు నెల్లూరుకి 2008లో గానీ రాలేదు. అమెరికావాళ్లు వాషింగ్టన్‌కి ఇంతకంటే బాగా చేశారా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పేరు విషయంలో వాళ్లది మనకంటే తొందర. ఆయన బతికుండగానే, 1791లో, రాజధానికి ఆ పేరు పెట్టేశారు. మిగతా విషయాల్లో మనల్ని మించి సాగదీశారు. మౌంట్ వెర్నన్‌లోనే పూడ్చమని ఆయన వీలునామా. కాదు, రాజధానిలో పెడతామని కాంగ్రెసు అడిగితే మార్తా సరేనంది. పార్లమెంటు భవనం కింద గది కట్టారు. 1832లో శతజయంతికి తీసుకొస్తామని మళ్లీ అడిగితే, అప్పుడు ఎస్టేట్ ఏలుతున్న బంధువు కుదరదన్నాడు. ఆ గది ఇప్పటికీ ఖాళీయే.

ఇక రాజధానిలో వాషింగ్టన్ స్మారకంగా కట్టిన ఆ 555 అడుగుల రాతి స్తంభం. 1848లో పునాది వేశారు. డబ్బు చాలక, రాజకీయాలు పడక, ఆపైన అంతర్యుద్ధం వచ్చి, 150 అడుగుల దగ్గర మొండిగా చాలా ఏళ్లు నిలబడిపోయింది. 1884లో పూర్తయింది. మళ్లీ మొదలెట్టినప్పుడు రాయి వేరే క్వారీది, అందుకే కింద ఒక రంగు, పైన ఒక రంగు. ఫొటోలో కూడా ఆ గీత కనబడుతుంది, చూడండి.

శ్రీరాములు గారు 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత 1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులో పోయారు. వాషింగ్టన్ తేదీకి ఒక్క రోజు అటు. ఏటా ఆ రోజు మా ఊళ్లో విగ్రహానికి దండ పడుతుంది. పండగ వెళ్లేదాకా ఎండుదండ అట్లాగే వేలాడుతుంటుంది, అదొక్కటే నాకు నచ్చదు.

ప్రశ్న: అమెరికా అధ్యక్షులిద్దరు ఒకే రోజు పోయారంటారు, నిజమా? – ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: నిజమే. 1826 జులై 4, వాళ్ల స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజు. మధ్యాహ్నం జెఫర్సన్, సాయంత్రం జాన్ ఆడమ్స్. జెఫర్సన్ ఇంకా ఉన్నాడంటూ ఆడమ్స్ కన్నుమూశాడట, అప్పటికి ఆయన పోయి గంటలైంది. ఐదేళ్ల తర్వాత అదే జులై 4న ఇంకో మాజీ అధ్యక్షుడు మన్రో కూడా పోయాడు. జెఫర్సన్ తన సమాధిరాతి మీద ఏం చెక్కాలో తనే రాసిపెట్టాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం. ఎనిమిదేళ్లు అధ్యక్షుడిగా చేసిన సంగతి అందులో లేదు. మీ కార్డు మీద రెండో ప్రశ్న సిరా కారిపోయి చదవడానికి రాలేదు, బాల్‌పెన్నుతో మళ్లీ రాయండి.