సైకియాట్రిస్టా, సైకాలజిస్టా... ముందు ఎవరికి చూపించాలి?

ప్రశ్న: మాది గాజువాక. తమ్ముడికి 27 ఏళ్లు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలలుగా నిద్ర సరిగా లేదు. ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడట్లేదని కంగారు. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్. మా డాక్టర్ సైకియాట్రిస్టుకు చూపించమన్నారు. మామయ్యేమో కౌన్సెలింగ్ చాలంటున్నారు. పక్కింటివాళ్లు న్యూరాలజిస్టు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ డాక్టర్ గారి మాటే వినండమ్మా. ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి.

న్యూరాలజిస్టు చూసేది ఫిట్స్, పక్షవాతం, మైగ్రేన్ లాంటివి. మీరు రాసిన లక్షణాల్లో అవేమీ లేవు. 'నరాల వీక్‌నెస్' అంటే నలుగురిలో చెప్పుకోవడం తేలికని చాలామంది అటే వెళ్తారు. స్కాన్ తీయించుకుని, అంతా బాగుందనిపించుకుని, నెల తర్వాత మా దగ్గరికే వస్తారు.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ లాంటి పీజీ చేసిన డాక్టరు. మందులు రాయగలరు. ఒంట్లో వేరే జబ్బేదైనా ఇలా కనిపిస్తోందా అన్నదీ చూస్తారు. మీ తమ్ముడివి పానిక్ అటాక్‌ల (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం) లక్షణాల్లా ఉన్నాయి గానీ, చూడకుండా నేను తేల్చి చెప్పలేను. మొదటిసారి ఎక్కువగా మాట్లాడటమే ఉంటుంది. నిద్ర, ఆకలి, మద్యం, సిగరెట్, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా... అన్నీ అడుగుతారు. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. నాలుగు రోజులకే పనిచేయట్లేదని మానేయొద్దు.

క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. సైకాలజీలో పీజీ తర్వాత సాధారణంగా రెండేళ్ల ఎంఫిల్ చేసి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకుంటారు. భయం వచ్చినప్పుడు మనసులో తిరిగే ఆలోచనలను పట్టుకుని మార్చే సీబీటీ అనే థెరపీ పానిక్‌కు బాగా పనిచేస్తుంది. వారానికో సెషన్ చొప్పున కొన్ని నెలలు ఓపిక పట్టాలి. చాలామందికి మందులూ థెరపీ రెండూ కలిపి ఇస్తాం.

ఇక కౌన్సెలర్లు. పెళ్లి, చదువు, ఉద్యోగ సమస్యల్లో మంచివాళ్లు చాలా సాయం చేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తోనూ బోర్డు పెట్టేసేవాళ్లున్నారు. ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మొహమాటం వద్దు. 'మూడు సిట్టింగ్‌లలో గ్యారంటీ' అన్నారంటే లేచి వచ్చేయండి.

ప్రైవేటు ఫీజు భారమనుకుంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి. పేరు చూసి భయపడొద్దు, ఓపీలో చూపించుకుని మందులతో ఇంటికెళ్లేవాళ్లే ఎక్కువ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న మాట అతని నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్రలుంటే అవి కూడా. అవి అలవాటైపోతాయి, ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. కాసేపు మీరు బయట కూర్చుని, డాక్టరుతో అతన్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి.