మావాడు ఆఫ్రికాలోనే ఫుట్‌బాలర్ అవుతానంటున్నాడు, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్, బొల్లారం. పదకొండేళ్లుగా టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా అబ్బాయికి పదిహేడేళ్లు, సీబీఎస్ఈ పన్నెండో తరగతి. ఆరేళ్లప్పటి నుంచి ఇక్కడే పెరిగాడు, స్వాహిలి గడగడా మాట్లాడతాడు. ఇక్కడి అకాడమీలో మిడ్‌ఫీల్డర్. కోచ్‌కి వాడి మీద మంచి నమ్మకముంది. ఈమధ్య ఒక ఏజెంటు వచ్చి, పొరుగు దేశంలో క్లబ్ చూస్తానని, ముందు ఒక కాగితం మీద సంతకం చేయమని అడుగుతున్నాడు. వాడేమో ఇంజినీరింగ్ వద్దు, ఆఫ్రికాలోనే ప్రొఫెషనల్‌గా ఆడతానంటున్నాడు. వాళ్లమ్మ ఇండియా పంపేసి కాలేజీలో చేర్పిద్దామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి గాలిమేడలు కడుతున్నాడని నేను అనను. ఆఫ్రికాలో ఫుట్‌బాల్ నిఖార్సైన ఉద్యోగమే. కైరోలో, కాసాబ్లాంకాలో, జొహానెస్‌బర్గ్‌లో ఆట మీదే ఇల్లు కట్టుకుని పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఉన్నారు. మీరుండే ఊళ్లోనే సింబా, యాంగా క్లబ్బులు 1930ల నుంచి నడుస్తున్నాయి. 2023లో యాంగా, 2025లో సింబా ఆఫ్రికా కాన్ఫెడరేషన్ కప్ ఫైనల్ దాకా వెళ్లాయి. ఆ రెండూ తలపడే రోజు ఊరు ఎలా ఊగిపోతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అక్కడ పెరిగిన పిల్లవాడు ఆ చొక్కా తొడుక్కోవాలనుకోవడంలో వింతేముంది?

మీ ఉత్తరం చదివాక నేను ఎక్కువగా ఆలోచించింది అతని ఆట గురించి కాదు, పాస్‌పోర్టు గురించి. మీ వీధిలో అతను అక్కడి కుర్రాడే. భాష వచ్చు, స్నేహితులంతా అక్కడివాళ్లే. కానీ భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం క్లబ్ లెక్కలో విదేశీ ఆటగాడి కిందకే వస్తాడు. విదేశీయుల సంఖ్య మీద ఆఫ్రికాలోని పెద్ద లీగుల్లో పరిమితి ఉంది. దక్షిణాఫ్రికా అగ్రశ్రేణి లీగ్‌లో క్లబ్బుకు ఐదుగురే. టాంజానియాలోనూ పరిమితి ఉంది, దాన్ని అప్పుడప్పుడు మారుస్తుంటారు. ఆ ఏడాది అంకె ఎంతో అక్కడి ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ను అడిగి తెలుసుకోండి.

ఆ కొద్ది చోట్లలో క్లబ్బులు ఎవరిని పెట్టుకుంటున్నాయో చూడండి. జాంబియా నుంచి క్లాటస్ చామా 2018లో సింబాకు వచ్చేనాటికి అతనికి 27 ఏళ్లు. కాంగో నుంచి ఫిస్టన్ మయేలె 2021లో యాంగాకు వచ్చేటప్పటికీ 27 ఏళ్లే. బుర్కినా ఫాసో ఆటగాడు అజీజ్ కీ 2022లో అబిజాన్‌లోని అసెక్ మిమోసాస్ నుంచి యాంగాకు వచ్చినప్పుడు 26. ముగ్గురూ వేరేచోట తమ సత్తా చూపించాకే వచ్చారు. విదేశీ చోటును ఏ క్లబ్బూ నేర్చుకుంటున్నవాడికి ఇవ్వదు. వచ్చిన వారమే మ్యాచ్ గెలిపించేవాడికి ఇస్తుంది. మయేలె ఆ తర్వాత కైరోలోని పిరమిడ్స్ క్లబ్‌కు వెళ్లి, 2025లో ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. కిన్షాసా, దార్, కైరో... ఆఫ్రికాలో విదేశీ ఆటగాడిగా బతకడమంటే ఇలా మెట్టు మెట్టుగా ఎక్కడం.

మరి ఎంబ్వానా సమట్టా సంగతేమిటని మీవాడు తప్పకుండా అడుగుతాడు. నిజమే. సమట్టా 2011లో, పద్దెనిమిదేళ్లకే సింబా నుంచి కాంగోలోని టీపీ మజెంబేకు వెళ్లాడు. 2015లో ఆ క్లబ్‌తో ఆఫ్రికా ఛాంపియన్ అయ్యాడు. 2016లో బెల్జియంలోని గెంక్‌కు, 2020లో ఇంగ్లండ్‌లోని ఆస్టన్ విల్లాకు వెళ్లాడు. కానీ వెళ్లేముందే సింబా పెద్దల జట్టులో, తన సొంత దేశంలో లోకల్ ఆటగాడిగా ఆడి గోల్స్ కొట్టాడు. మీ అబ్బాయికి లేనిది సరిగ్గా ఆ మొదటి మెట్టే.

అందుకే నా సలహా ఇది. విదేశీ చోటు ఎలాగూ పాతికేళ్లు దాటాకే దక్కేదైతే, ఈలోపు అతను ఎక్కడ లోకల్‌గా లెక్కకొస్తాడో అక్కడ ఆడాలి. అది ఇండియా. మన అగ్రశ్రేణి లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఒక జట్టు మైదానంలో నలుగురికి మించి విదేశీయుల్ని దింపకూడదు. మిగతా ఏడుగురూ భారతీయులే కావాలి. దార్‌లో అతనికి అడ్డొచ్చే పాస్‌పోర్టే ఇక్కడ తలుపు తీస్తుంది. పైగా ఆఫ్రికా కుర్రాళ్లతో పదేళ్లు ఢీకొని పెరిగినవాడి శరీర బలం, వేగం మన అండర్-18, రిజర్వ్ జట్ల ట్రయల్స్‌లో కోచ్‌ల కంట పడతాయి. ఇక్కడ రెండో శ్రేణి లీగ్‌లోనో ఐఎస్ఎల్‌లోనో నాలుగైదు సీజన్లు ఆడి, పాతికేళ్లు దాటాక స్వాహిలి వచ్చిన మిడ్‌ఫీల్డర్‌గా దార్‌కు తిరిగొస్తే, అప్పుడు అతను బేరం ఆడగల స్థితిలో ఉంటాడు.

ఇండియాలో అంతా సవ్యంగా ఉందని మాత్రం మభ్యపెట్టను. 2025లో వాణిజ్య ఒప్పందం చిక్కుల్లో పడి ఐఎస్ఎల్ సీజన్ అనుకున్న సమయానికి మొదలే కాలేదు. 2021-22లో ఛాంపియన్ అయిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాళ్లు నెలల తరబడి ఏం జరుగుతుందో తెలియక కూర్చున్నారు. ఇది బాధ కలిగించే విషయం. అయినా పద్దెనిమిదేళ్ల భారతీయ కుర్రాడికి ఆడే నిమిషాలు ఎక్కువ దొరికేది ఇక్కడే. ఆ వయసులో జీతం కంటే నిమిషాలు ముఖ్యం.

ఇప్పుడు ఏజెంటు సంగతి. ఇది తొందరగా తేల్చాలి. ఫిఫా నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ చేయకూడదు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారి ఉండటం వాటిలో ఒకటి, ఐదేళ్లు వరుసగా అక్కడే నివసించి ఉండటం మరొకటి. మీ ఉద్యోగం వల్ల టాంజానియా వరకు మీవాడికి ఈ దారి ఉంది. పొరుగు దేశానికి లేదు. కాబట్టి ఆ ఏజెంటు ఇప్పుడే అక్కడ క్లబ్ చూస్తానంటే అతనికి నియమాలు తెలియవు, లేదా తెలిసీ చెప్పడం లేదు. ఫిఫా లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. మైనర్‌తో మాట్లాడాలంటే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ట్రయల్‌కు తీసుకెళ్తానని డబ్బు అడిగితే మాట అక్కడితో ఆపేయండి. నిజంగా ఆటగాడు కావాలనుకున్న క్లబ్ ఆటగాడికి డబ్బిస్తుంది, అతని దగ్గర తీసుకోదు.

టాంజానియాలోనే ఏదైనా క్లబ్ ముందుకొస్తే కాంట్రాక్టు మీరే చదవండి. లెక్కలు మీ వృత్తి కాబట్టి ఇది మీకు కష్టం కాదు. పద్దెనిమిది నిండనివాడితో మూడేళ్లకు మించి ఒప్పందం చెల్లదు. వర్క్ పర్మిట్ వస్తేనో, మెడికల్ పాసైతేనో చెల్లుతుందన్న షరతు పెట్టకూడదు, ఆ పరీక్షలన్నీ సంతకానికి ముందే అయిపోవాలి. సంతకం సొమ్ము ఎంత, ఎన్ని విడతలు, ఏ తేదీల్లో అన్నది కాగితం మీద ఉండాలి. ఆఫ్రికా క్లబ్బుల్లో ఆటగాడి సంపాదనలో అది పెద్ద భాగమే కావచ్చు, ఎగ్గొట్టేది కూడా ఎక్కువగా అదే. ఇంటి అద్దె, గాయమైతే ఆపరేషన్ ఖర్చు, కోలుకునే నెలల జీతం ఎవరిదో అడగండి. అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14 వేల మందిని అడిగితే, 41 శాతం మంది గత రెండు సీజన్లలో జీతం ఆలస్యమైందని చెప్పారు. నెలకు వెయ్యి డాలర్ల లోపు వచ్చేవాళ్లు 45 శాతం పైనే. ఏ ఆటగాడికైనా ఒక రక్షణ ఉంది. రెండు నెలల జీతం ఆగితే క్లబ్బుకు రాతపూర్వకంగా నోటీసిచ్చి, పదిహేను రోజులు గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని ఫిఫా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆటగాడికి అక్కడ ఫీజు లేదు. రెండేళ్లలోపు వెళ్లాలి.

ఇంకో విషయం చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాదు. పన్నెండేళ్ల నుంచి ఆటగాడిని తయారుచేసిన క్లబ్బుకు, అతను వేరే దేశంలో మొదటిసారి ప్రొఫెషనల్‌గా నమోదైనప్పుడు శిక్షణ పరిహారం అడిగే హక్కు ఉంటుంది. మీ అకాడమీ ఫెడరేషన్‌లో నమోదై ఉంటే, రేపు ఇండియా క్లబ్ సంతకం చేయించుకునేటప్పుడు ఈ బిల్లు రావచ్చు. చిన్న క్లబ్బులు దీనికే వెనక్కి తగ్గుతాయి. కోచ్ మీవాడి మేలు కోరేవారే కాబట్టి, అకాడమీ ఆ హక్కు వదులుకుంటుందో లేదో ఇప్పుడే మాట్లాడి లేఖ తీసుకోండి.

చదువు విషయంలో వాళ్లమ్మగారి భయం న్యాయమైనది. మీ బొల్లారం పక్కనే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. ఆ మరుసటి ఏడాదే అనారోగ్యంతో ఆట ఆపేయాల్సి వచ్చింది. అంత గొప్ప ఆటగాడికే అలా జరిగింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పూర్తికావాలి, డిగ్రీ ఏదో ఒక రూపంలో సాగాలి. ఇంజినీరింగే కానక్కర్లేదు. స్పోర్ట్స్ సైన్స్, ఫిజియోథెరపీ, కామర్స్ ఏదైనా పర్లేదు. ఆఫ్రికా వదలనని మొండికేస్తే నాకు నచ్చే దారి ఒకటుంది: దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా విశ్వవిద్యాలయం. దానికి సొంత ఫుట్‌బాల్ క్లబ్ ఉంది, 2012 నుంచి 2016 దాకా అది అగ్రశ్రేణి లీగ్‌లోనే ఆడింది. చదువుకుంటూ పోటీ ఫుట్‌బాల్ ఆడే వాతావరణం అక్కడుంది. అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్ ఆలోచన ఏమాత్రం ఉన్నా, ఈలోపు ఎక్కడా ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం చేయనివ్వకండి. కాలేజీ జట్టుకు ఆడే అర్హత దెబ్బతినవచ్చు.

జాతీయ జట్టు గురించి మీరడగలేదు కానీ అతని మనసులో ఉండే ఉంటుంది. టాంజానియాకు ఆడాలంటే అక్కడి పౌరసత్వం కావాలి. అప్పుడు భారత పౌరసత్వం వదులుకోవాలి, రెండూ కుదరవు. పదిహేడేళ్లకు ఆ నిర్ణయం వద్దు.

ఏజెంటు ఇచ్చిన కాగితం అలాగే పక్కన పెట్టండి. ఈ నెలలో కోచ్‌తో కూర్చుని, గత రెండు సీజన్లలో మీవాడు తనకంటే పెద్దవాళ్లతో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో, ఎన్నింట్లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడో రాయించండి. బాగా ఆడినవే కాకుండా మూడు నాలుగు పూర్తి మ్యాచ్‌ల వీడియోలు సిద్ధం చేయండి. వాటితోపాటు పదకొండో తరగతి మార్కులు కూడా నాకు పంపితే, ఇండియా ట్రయల్స్‌కు ఎప్పుడు రావాలో, ప్రిటోరియాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో తేదీలతో సహా రాస్తాను.