లాక్ వేసి అరకు ఘాట్ ఎక్కవచ్చా?

ప్రశ్న: సార్, ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో పాత మోడల్ ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నాను. గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న లివర్ ఉంది, దాని మీద హెచ్, హెచ్ఎల్, ఎల్ఎల్ అని ఉన్నాయి. ఘాట్‌లో గ్రిప్ బాగుంటుందని ఫ్రెండ్ చెబితే ఎస్.కోట దాటాక హెచ్ఎల్‌లో వేసుకుని అరకు వెళ్లాం. మలుపుల్లో స్టీరింగ్ బరువెక్కింది, టైర్లు కీచుమన్నాయి. లాడ్జి ఆవరణలో పార్కింగ్‌కి తిప్పుతుంటే బ్రేక్ పట్టేసినట్టు బండి ఆగి ఆగి కుదిపింది. లివర్ మళ్లీ హెచ్‌కి తెచ్చినా మీటర్‌లో లైటు ఆరలేదు. మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) విప్పాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇప్పుడే విప్పనివ్వకండి. హెచ్ఎల్‌లో వేస్తే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ అవుతుంది. మీరు రాసినవన్నీ అలా లాక్ అయిన బండి పొడి తారు రోడ్డు మీద ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉన్నాయి.

మీ మోడల్‌లో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ ఇంజన్ శక్తి అందుతూనే ఉంటుంది, లివర్ హెచ్‌లో ఉన్నా సరే. మీ ఫ్రెండ్‌కి తెలియని సంగతి బహుశా ఇదే. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, ముందుకీ వెనక్కీ వెళ్లే రెండు షాఫ్ట్‌లు వేర్వేరు వేగాల్లో తిరగగలిగేలా మధ్యలో ఒక డిఫరెన్షియల్ పెట్టారు, అదే సెంటర్ డిఫరెన్షియల్. ఆ తేడా ఎంతుంటుందో లెక్క వేసి చూద్దాం. మీ బండి వీల్‌బేస్, అంటే ముందూ వెనకా ఇరుసుల మధ్య దూరం, 2.75 మీటర్లు. లాడ్జి ఆవరణలో వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగిందనుకోండి, ముందు ఇరుసుది దాదాపు 5.7 మీటర్లు అవుతుంది. అంటే బండి సగం చుట్టు తిరిగేసరికి ముందు చక్రాలు 2 మీటర్లకు పైగా ఎక్కువ నడవాలి. లాక్ వేశాక రెండు షాఫ్ట్‌లూ కచ్చితంగా ఒకే వేగంతో తిరుగుతాయి, ఆ 2 మీటర్ల తేడా మాత్రం ఎక్కడికీ పోదు. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారడానికి వీల్లేదు కనుక షాఫ్ట్‌లూ గేర్లూ మెలి పడి బిగుసుకుంటాయి, ఆ బిగువు పట్టలేక టైరు ఒక్కసారిగా గీసుకుపోతుంది. మీకు తగిలిన కుదుపూ ఆ కీచు శబ్దమూ అవే.

లైటు ఆరకపోవడానికీ అదే కారణం. లివర్ వెనక్కి తెచ్చినా లోపల పళ్లు బిగువు మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ వెళ్లి, మళ్లీ నేరుగా ముందుకు రండి, లేదా రోడ్డు పక్క మట్టిలోకి దించి నెమ్మదిగా నడపండి. సాధారణంగా అక్కడ టక్కున విడిపోతుంది, లైటు ఆరుతుంది. అప్పటికీ ఆరకపోయినా, నేరుగా వెళ్తుంటే కొత్త చప్పుడు వినిపించినా, కింద ఆయిల్ కారుతున్నా మెకానిక్ మాట వినండి. అన్నట్టు నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, ఒకేలా అరిగాయా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ బళ్లలో ముందు రెండు కొత్తవి, వెనక రెండు పాతవి వేసి అమ్మేయడం మామూలే. అలా ఉంటే లాక్ వేసినప్పుడు నేరుగా వెళ్లే రోడ్డు మీద కూడా ఈ బిగువు పుడుతుంది.

వర్షంలో తడిసిన ఘాట్ అయితే వేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. వద్దు. తడి తారుకి కూడా పట్టు బాగానే ఉంటుంది, బిగుసుకోవడం తప్పదు. పైగా లాక్‌లో ఉన్న బండికి మలుపు తిరగడం ఇష్టం ఉండదు, ముక్కు నేరుగా లోయ వైపు పోవాలని చూస్తుంది. గాలికొండ దగ్గర హెయిర్‌పిన్‌లో ఇది సరదా విషయం కాదు. ఆ రోడ్డుకి హెచ్, తక్కువ గేరు, మంచి టైర్లు చాలు.

మరి లాక్ ఎప్పుడు? పాడేరు అవతల వంజంగి కొండకి వాన తర్వాత మట్టి దారిలో వెళ్తున్నప్పుడు వేయండి, అదీ బురదలోకి దిగకముందే, టైరు గిర్రున తిరుగుతుండగా కాదు. లాక్ లేకపోతే ముందు ఇరుసు పట్టు కోల్పోయినప్పుడు శక్తి అంతా అటే వృథా కావచ్చు. లాక్ ఉంటే వెనక ఇరుసు కూడా తిరిగి తీరుతుంది. కానీ ముందూ వెనకా ఇరుసుల్లో వేరే డిఫరెన్షియల్స్ ఉన్నాయి, సెంటర్ లాక్ వాటిని బిగించదు. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం గాల్లో తేలితే లాక్ ఉన్నా కదలకపోవచ్చు.

ప్రశ్న: నా థార్‌లో కూడా ఈ సెంటర్ లాక్ ఉందా? – ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: లేదండీ, సెంటర్ డిఫరెన్షియలే లేదు. ఫోర్ బై ఫోర్ థార్, జిమ్నీ పార్ట్ టైమ్ రకం. 2హెచ్‌లో వెనక చక్రాలకే శక్తి. 4హెచ్‌లో వేయగానే ముందూ వెనకా షాఫ్ట్‌లు కలిసిపోతాయి, అంటే పైన చెప్పిన లాక్ వేసినట్టే. 2016లో వచ్చిన రెండో తరం ఫార్చ్యూనర్ కూడా ఇంతే. కాబట్టి బీచ్ రోడ్డు మీద ఎప్పుడూ 2హెచ్. ఇసుకలోకి దించి 4హెచ్ పరీక్షిద్దామనుకుంటున్నారేమో, మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ సరదా ఇంకెక్కడైనా తీర్చుకోండి.

ప్రశ్న: ఫుల్ టైమ్ ఫోర్ బై ఫోర్‌కి స్టెప్నీ మార్చేటప్పుడు ఆటోమేటిక్ గేర్‌ని ‘పి’ (పార్కింగ్)లో పెడితే సరిపోదా? – ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: సరిపోదు. ‘పి’ గేర్‌బాక్స్‌నే ఆపుతుంది, దాని వెనకున్న సెంటర్ డిఫరెన్షియల్‌ని కాదు. లాక్ లేనప్పుడు జాకీ మీద లేచిన ఒక్క చక్రం ఉత్తినే తిరుగుతుంటే, మిగతా మూడూ నేల మీదే ఉన్నా బండి పల్లానికి దొర్లవచ్చు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే జాకీ తిప్పండి.