శోధనా? పరిశీలనా?

ప్రశ్న: మా మఠంలో రాత్రి పడుకోబోయే ముందు పావుగంట 'ఆత్మశోధన' ఉంటుంది. చేసిన తప్పులే కాదు, ఎవరి మీద కోపం వచ్చింది, ఎవరి వైపు మనసు లాగింది, ఎప్పుడు ఒంటరిగా అనిపించింది, దాచకుండా దేవుని ముందు పెట్టమంటారు మా మదర్. పరలోక జపంలో శోధన వద్దని వేడుకుని, రాత్రికి మళ్లీ శోధన ఏమిటి? 'ఆత్మపరిశీలన' అంటే సరిపోదా?
– ఒక నవశిష్యురాలు, సికిందరాబాదు

సమాధానం: అమ్మా, మంచి చిక్కే పట్టారు. 'శుధ్' అంటే శుభ్రపడటం. దాని నుంచి వచ్చిన శోధన మొదట కడగడమే. మురికి ఎక్కడుందో చూడందే కడగలేం కనుక వెతకడమనే అర్థం వెనకాల వచ్చి చేరింది. అబిడ్స్ ఆదివారం బజారులో కొన్న పాత వైద్య గ్రంథం ఒకటి నా దగ్గరుంది. అందులో పాదరసాన్ని శోధించడమంటే దాని దోషాలు తీయడం. ఇప్పుడు ఫోన్లో బిర్యానీ హోటలుకైనా 'శోధించండి' అంటున్నారు. 'వెతకండి'కి ఏం రోగమొచ్చిందో!

వేమన దగ్గరికి రండి. "ఆత్మశుద్ధి లేని యాచార మది యేల, భాండశుద్ధి లేని పాకమేల". అందరూ మూడో పాదంలోని చిత్తశుద్ధి దగ్గరికి పరుగెత్తుతారు. (ఆ మాటా ఇప్పుడు ఎదుటి పార్టీకి లేదనడానికే మిగిలింది.) నాకు ప్రాణం ఆ భాండమే. మా అమ్మ పాలగిన్నెను బూడిదతో తోమి, కడిగి, అంచు మడత కింద వేలు పోనిచ్చి వాసన చూసేది. గిన్నె ఎంత తళతళలాడినా ఆ మడతలో నిన్నటి పులుపు ఉంటే పాలు విరుగుతాయి. మీ మదర్ అడిగేది ఆ మడత సంగతి. పాలు కాచిన గిన్నెకు జిడ్డు అంటదా? బ్రహ్మచర్యం పట్టినంత మాత్రాన మనసు లాగడం మానదు. లాగలేదని దేవుడి దగ్గర బుకాయిస్తేనే చిక్కు. జెస్యూట్ సన్యాసుల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1548లో అచ్చయిన తన సాధనల పుస్తకంలో ఈ పనిని కృతజ్ఞతతో మొదలుపెట్టమన్నాడు, తప్పుల చిట్టాతో కాదు.

జపంలోని శోధన వేరు. సువార్తల మూలభాష గ్రీకులో అక్కడున్న మాట 'పెయిరాస్మొస్'కు పరీక్ష, ప్రలోభం రెండూ అర్థాలే. అది మన మీదికి వచ్చేది, ఇది మనం చేసుకునేది.

పరిశీలన తప్పు కాదు గాని, చూసి ఊరుకుంటుంది. 'మీ అర్జీ పరిశీలనలో ఉంది' అంటే ఏమిటో మీకు తెలియనిదా? ఆత్మవిమర్శ ఎన్నికల్లో ఓడినవారి సొత్తు, జోలికి పోకండి. నేనైతే శోధననే ఉంచుతాను. కొత్తగా చేరిన పిల్లలు తికమకపడతారనుకుంటే పరిశీలన అన్నా మీ మదర్ కోప్పడరనుకుంటాను. కోప్పడితే ఆ రాత్రి పావుగంటలో ఆవిడకూ చెప్పుకోవడానికొకటి ఉంటుంది.